మీకు తెలుసా? స్కాట్ జీతం మూడు వేలు!

అమీర్‌పేట మెట్రో దిగి, మైత్రీవనం దగ్గర జిరాక్స్ మెటీరియల్ పట్టుకుని నడిచేవాళ్లను ఆపి "కింగ్ జీతమెంత?" అని అడిగి చూడండి. ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లయితే ఐదు వేలని ఠక్కున చెప్పేస్తారు. ఒరాకిల్ నమూనా పట్టిక ‘ఎంప్’లో కింగే ప్రెసిడెంటు. ఉద్యోగులు మొత్తం 14 మంది. లాగిన్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. సంస్థ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరు ఒకటి, ఆయన ఇంట్లోని పిల్లి పేరు రెండోది.

పట్టిక చిన్నదే గానీ మహా గడుసుది. స్కాట్‌కూ ఫోర్డ్‌కూ చెరో 3000. ఆ తర్వాత జోన్స్‌కు 2975. మూడో పెద్ద జీతం ఎవరిదని ‘ర్యాంక్’తో వెతికితే ఒక్క పేరూ రాదు. రెండో స్థానాన్ని ఇద్దరు పంచుకోవడంతో జోన్స్ ఏకంగా నాలుగుకు జారిపోతాడు. ‘డెన్స్ ర్యాంక్’ వాడితేనే మూడోవాడిగా దొరుకుతాడు. ఇంటర్వ్యూల్లో ఎంతోమంది తడబడేది ఇక్కడే. ఇక బోస్టన్‌లోని 40వ డిపార్ట్‌మెంట్‌లో ఒక్క ఉద్యోగీ లేడు. మామూలు జాయిన్‌లో అది కనిపించదు, అవుటర్ జాయిన్ పెట్టాల్సిందే. ఈ పట్టిక తయారుచేసినవాళ్లు మంచి పంతుళ్లే అయ్యుండాలి!

పట్టిక మారలేదు గానీ, దాన్ని అడిగే తీరు మారింది. పై ఐదు జీతాలు కావాలంటే ఒకప్పుడు లోపలి క్వెరీలో వరుస పెట్టి, బయట ‘రోనమ్’తో కోయాలి. నేరుగా కోస్తే ఒరాకిల్ ముందు ఏవో ఐదు వరుసలు తీసుకుని, తర్వాత వాటినే వరుసలో పెట్టేది. 2013లో 12సీ వెర్షన్ వచ్చాక ‘ఫెచ్ ఫస్ట్’ అంటే చాలు.

అన్నట్టు, 8ఐలో ఐ అంటే ఇంటర్నెట్, 10జీలో జీ గ్రిడ్, 12సీలో సీ క్లౌడ్. ఏ కాలపు మోజు ఆ కాలపు అక్షరం. 23సీగా మొదలైనది కూడా 2024లో 23ఏఐ అయిపోయింది.

ఈ 23వ వెర్షన్‌లో ‘బూలియన్’ వచ్చింది. అంతకుముందు పట్టికలో ఔను, కాదు అని రాసుకోవడానికి వై, ఎన్ అక్షరాలో 1, 0 అంకెలో వాడేవాళ్లు. ఇప్పుడు తేదీ అడగడానికి ‘ఫ్రమ్ డ్యూయల్’ కూడా రాయక్కర్లేదు. డ్యూయల్ అంటే ఒకే గడి, అందులో ఒక ఎక్స్. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా దాన్ని మాత్రం తీసేయలేదు.