సఫారీ: ఆఫ్రికా మైదానములు - మన నల్లమల

ఉర్దూలో 'సఫర్' అనగా ప్రయాణమని మన విద్యార్థులలో చాలామందికి తెలుసు. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటే తూర్పు ఆఫ్రికా తీరమున స్వాహిలీ భాషలో చేరి 'సఫారీ' అయినది. అక్కడ కూడ దాని అర్థము ప్రయాణమే. తరువాత అది తెల్లదొరల వేటయాత్రలకు పేరైనది. నేడు తుపాకికి బదులు కెమెరా పట్టుకొని చేసే వన్యమృగ సందర్శనకు ఆ పేరే నిలిచినది.

ఆ వేటగాళ్లు ఐదు మృగములను 'పెద్ద ఐదు' అని పేర్కొన్నారు. అవి సింహము, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, ఆఫ్రికా అడవిదున్న. కాలినడకన వేటాడునప్పుడు ఎదురయ్యే అపాయమును బట్టి వారు ఈ లెక్క కట్టినారు. అందుచేతనే అంత ఎత్తైన జిరాఫీకి అందులో చోటు లేదు. దానికంటె ఎంతో చిన్నదైన చిరుతకు ఉన్నది. కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి విశాలమైన గడ్డి మైదానములు. అక్కడ సింహములు గుంపులుగా జీవిస్తాయి, దూరము నుండే కనబడతాయి. 1926లో జాతీయ వనమైన దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో ఈ ఐదు మృగములూ ఉన్నవి.

ఈ ఐదింటిలో ఒకటి మనకు పొరుగునే ఉన్నదని ఎందరికి తెలుసు? ఆఫ్రికా చిరుత, నల్లమల చిరుత ఒకే జాతికి చెందినవి. కనిగిరి నుండి మార్కాపురం మీదుగా దోర్నాల చేరితే నల్లమల వాకిట నిలిచినట్లే. అక్కడ సింహము లేదు. మన దేశమున స్వేచ్ఛగా తిరిగే సింహములు గుజరాత్‌లోని గిర్ ప్రాంతముననే ఉన్నవి. కాని నల్లమలకు రాజు పెద్దపులి. దానితోపాటు చెదపురుగులను, తేనెను వెదకుకొను ఎలుగుబంటి, గుంపుగా వేటాడే రేసుకుక్క, మన దేశపు జింకలలో కెల్ల పెద్దదైన కణితి, ఇంకను దుప్పి, మనుబోతు, అడవిపంది ఉన్నవి.

అయితే సెరెంగెటిలో సింహము కనబడినంత సులభముగా నల్లమలలో పులి కనబడదు. పులి ఒంటరిగా తిరుగుతుంది. ఎక్కువగా రాత్రివేళ సంచరిస్తుంది. ఎండుగడ్డి నీడలలో దాని చారలు కలిసిపోతాయి. ఆ చారలే అధికారులకు ఆధారము కూడ. ఒక పులి చారలు మరొక పులికి ఉండవు. మన వేలిముద్రల వలెనే అవి గుర్తు పట్టుటకు పనికివస్తాయి. చెట్లకు కట్టిన కెమెరాలు దారిన పోయే పులిని దానంతట అదే ఫోటో తీస్తాయి. ఆ ఫోటోలను పోల్చి పులులను లెక్కిస్తారు. 2022 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నట్లు తేలినది.

ఈ సంఖ్య ఊరకనే రాలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1973లో పులుల సంరక్షణ పథకము వచ్చినవి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యము 1978లో ఏర్పడి, 1983లో ఆ పథకమున చేరినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఆవలి భాగము తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. అడవిలోని ప్రతి జాడనూ చదువగల చెంచులు కాపలాదారులుగా ఈ రక్షణకు అండగా ఉన్నారు.

పులి బ్రతికితే మనకేమి లాభమని అడుగువారున్నారు. కంభము చెరువుకు నీరిచ్చు గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టినది. పులి లేనిచో గడ్డి మేయు జంతువులు మితిమీరి పెరిగి లేత మొక్కలను మిగులనీయవు. మొక్కలు పోయిన కొండమీద వాననీరు ఇంకదు. మట్టిని కోసికొని పోతుంది. నీటి విలువ కనిగిరి సీమవారికి మరొకరు చెప్పనక్కరలేదు.

ఇందులో కష్టము లేదని మేము చెప్పము. 2024 జూన్‌లో గిద్దలూరు-నంద్యాల దారిలోని పచ్చర్ల వద్ద చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణము కోల్పోయినది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం వద్ద తల్లికి దూరమైన నాలుగు పులిపిల్లలు దొరికినవి. తల్లి చెంతకు చేర్చుటకు చేసిన యత్నము ఫలించక వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చినది. మనిషికీ మృగానికీ నడుమ దూరము తగ్గినప్పుడు నష్టము ఇరువురిదీ. దోర్నాల-శ్రీశైలం దారిని రాత్రివేళ మూసివేయుట ప్రయాణికులకు ఇబ్బందియే. కాని ఆ కొద్ది గంటలు అడవిని అడవికే వదలుట ఉభయులకు క్షేమము.

ఆఫ్రికా వెళ్లుట మనలో ఎందరికి సాధ్యము? దోర్నాల దాటిన పిదప తుమ్మలబయలు వద్ద అటవీశాఖవారి జీపు సఫారీ ఉన్నది. కళాశాల కార్యవర్గము వారు ఏటేటా ఒక తరగతినైనను అక్కడికి విజ్ఞానయాత్రగా పంపిన మేలు. పులి కనబడకపోవచ్చును. దాని అడుగుజాడ, కణితి కేక, చెంచు సోదరుని మాట - ఇవి చాలును, ఈ అడవి మనదని తెలియుటకు.