ఎంతసేపు చూశావు?

మొన్న తిరుత్తణిలో లోకల్ రైలెక్కాను. ఎదురుగా ఒక పిల్లవాడు తల్లి ఫోనులో ఆటలో మునిగి ఉన్నాడు. అంతలో తండ్రి ఫోను చేశాడు. "నిద్రపోయాడండీ" అని చెప్పి, తల్లి ఫోనును మళ్లీ వాడి చేతికిచ్చింది. వాడు నవ్వాడు. తిరువళ్లూరులో దిగేదాకా ఆ నవ్వే నన్ను వేధించింది.

తెర ముందు గడిపే గంటలు చిన్న విషయమని కాదు. న్యూజిలాండులోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యిమందిని పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనించారు. 5 నుంచి 15 ఏళ్ల మధ్య టీవీ ఎక్కువగా చూసినవారిలో 26వ ఏట అధిక బరువు, పొగతాగే అలవాటు ఎక్కువగా కనిపించాయని 2004లో వెల్లడించారు. టీవీ ఒక్కటే కారణమని దీనితో తేలిపోదు, నిజమే.

మరి మనమేం చేస్తాం? బెదిరిస్తాం. అప్పుడు పిల్లవాడు ఫోను మానడు, దుప్పటి కప్పుకొని చూస్తాడు. పశ్చిమాఫ్రికాలో రెండు బడుల చిన్నపిల్లలను పోల్చిన పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. కఠిన శిక్షలున్న బడిలోనే ఎక్కువమంది అబద్ధమాడారు. పైగా ఆ అబద్ధాన్ని నేర్పుగా నిలబెట్టుకున్నారు!

గాంధీగారు చిన్నతనంలో హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని లెక్కలేనన్నిసార్లు తనలో తానే ఆడుకున్నానని ఆత్మకథలో రాశారు. ఆయన్ను ఎవరూ బెదిరించలేదు, కథే పట్టుకుంది.

ఈ రాత్రి మీవాణ్ణి "ఎంతసేపు చూశావు?" అని అడగండి. "రెండు గంటలు" అంటే వెంటనే చెయ్యెత్తకండి. నిజం చెప్పినందుకు ముందు మెచ్చుకోండి, రేపు ఎంతసేపన్నది ఆ తరువాత మాట్లాడుకోవచ్చు. అప్పులవాడు తలుపు తడితే మాత్రం "నాన్న ఇంట్లో లేరు" అని చెప్పడానికి వాణ్ణి పంపకండి.