సీజను టిక్కెట్టు వెల – దినప్రయాణికుల మొఱ

తెల్లవాఱకమునుపే యిల్లు వదలి, రైలుబండి నెక్కి నగరమునకుఁ బోయి, దీపములు పెట్టిన పిమ్మట మరలి వచ్చువారు మన ప్రాంతమున ప్రతి వీథియందును గలరు. తిరుత్తణి, అరక్కోణము వైపునుండియు, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి వైపునుండియు చెన్నపట్టణమునకు నడచు లోకలు బండ్లలో వీరిని జూడవచ్చును. కర్మాగారములలోని పనివారు, దుకాణములలో లెక్కలు వ్రాయువారు, ఆస్పత్రులలోని నర్సులు, కళాశాల విద్యార్థినులు, పూలగంపలతో నెక్కు స్త్రీలు – వీరిలో ననేకుల చేతియందుండునది సీజను టిక్కెట్టు. వాడుకలో దీనిని 'పాసు' అందురు. (పరీక్షలో మీరు కోరు పాసు వేఱు, అది రొక్కమిచ్చి కొనునది కాదు.) ఈ పాసు వెల పెరుగునను వార్త పుట్టిన ప్రతి పర్యాయము స్టేషనులలో నింత కలవర మేల కలుగుచున్నదో, అసలా వెల యెట్లు నిర్ణయింపబడుచున్నదో యీ వ్యాసమున వివరింతును.

సీజను టిక్కెట్టనఁగా, నిర్ణీతమైన రెండు స్టేషనుల నడుమ, నిర్ణీతమైన కాలము వఱకు, ఎన్ని మాఱులైనను ప్రయాణము చేయుటకు ముందుగా రుసుము చెల్లించి పొందు అనుమతి. 150 కిలోమీటర్లకు మించని దూరమునకే దీని నిత్తురు. ఇది యొకరి పేర నున్నది మఱియొకరికిఁ జెల్లదు. కూర్చుండుటకు స్థానము దొరకునను పూచీ యిందులో లేదు. స్థలము ముందుగా నిలిపియుంచుకొను పెట్టెలలో నెక్కుటకు సామాన్యముగా హక్కును లేదు. సూపరుఫాస్టు బండి నెక్కఁ గోరినచో దానికై ప్రత్యేకపు అదనపు రుసుము కట్టవలెను.

ఇఁక లెక్క చూతము. నెలవారీ టిక్కెట్టునకు సుమారు 15 ఒంటి ప్రయాణముల ఛార్జీని వసూలు చేయుట రైల్వేవారు చిరకాలముగ ననుసరించుచున్న పద్ధతి. ఒక పనివాఁడు నెలకు 25 దినములు పనికిఁ బోవుననుకొందము. పోకయు రాకయు గలిపి 50 ప్రయాణములు. ఒక మాఱు పోవుటకు 10 రూపాయలైనచో, దినదినము టిక్కెట్టు కొనువానికి నెలకు 500 రూపాయలగును. సీజను టిక్కెట్టు గలవానికి 150 రూపాయలే. మూఁడు నెలల టిక్కెట్టునకు నెల వెలకు 2.7 రెట్లు, అనఁగా 405 రూపాయలు. అర్ధసంవత్సరమునకు 5.4 రెట్లు, సంవత్సరమునకు 10.8 రెట్లు. లెక్కలయం దభిరుచి గల విద్యార్థి యిచ్చట నొక విశేషమును గుర్తింపఁగలఁడు. 5.4 అనునది 2.7కు రెండింతలు, 10.8 నాలుగింతలు. కావున మూఁడు నెలలకు గొన్నవానికిఁ గలిగిన పదింట నొక వంతు ఆదాయమే సంవత్సరమునకుఁ గొన్నవానికిని గలుగును. అంతకు మించి లేదు. ఆ పదియవ వంతైనను ఎవరికి దక్కును? మూఁడు నెలల రొక్క మొక్కసారి చేతఁ బట్టుకొని కిటికీ యొద్దకు రాఁగలవానికి. దినకూలివాఁడు నెల టిక్కెట్టునే కొని, యేఁటికి పండ్రెండు మాఱులు పూర్తి వెల నిచ్చుచున్నాఁడు. తఱుగుడు బేదవాని కెక్కువగ నుండవలసినచోట కలిగినవానికే యుండుట నాకు వింతగఁ దోఁచును.

ఈ 15 ప్రయాణముల సూత్రమును గదలించుటకు జరిగిన యత్నమే 2014వ సంవత్సరపు గొప్ప అలజడికిఁ గారణము. అంతకు ముందు 2013 జనవరిలో, దాదాపు పదేండ్ల పిమ్మట, సాధారణ ఛార్జీలు పెంపబడినవి; నగర పరిసరములలో రెండవ తరగతికి కిలోమీటరునకు 2 పైసలు చొప్పున హెచ్చించిరి. జనులు గొణిగిరే కాని యోర్చుకొనిరి. 2014 జూను 20వ తేదీన వచ్చిన ప్రకటన యట్టిది కాదు. అన్ని తరగతుల ప్రయాణపు ఛార్జీలును నూటికి 14.2 వంతున పెరుగుననియు, నెలవారీ టిక్కెట్టునకు 15 ప్రయాణములకు మాఱుగా 30 ప్రయాణముల ఛార్జీ తీసికొందురనియు అందుఁ జెప్పిరి. పై లెక్కనే తీసికొనుఁడు. 10 రూపాయల ఛార్జీ 11 రూపాయల 42 పైసలగును. దానిని 30చే గుణింపఁగా 342 రూపాయలకు పైఁబడును. నిన్నటివఱకు 150 రూపాయలిచ్చినవాఁడు నేఁడు రెండింతలకు మించి యిచ్చుకోవలెను. వార్తాపత్రికలలో పెద్ద అక్షరములతోఁ గనఁబడిన 14.2 అను సంఖ్య దూరప్రయాణికునిది; దినప్రయాణికుని సంఖ్య దాని చాటున దాఁగియుండెను.

బొంబాయి నగరమున జీవనమే లోకలు బండ్లమీఁద నడచుచున్నది. క్రొత్త వెల యమలులోనికి రాకమునుపే పాసులు కొనుటకై యచ్చటి స్టేషనులలో జనులు బారులు తీఱిరి. పెంపునకు ముందు కొన్న సీజను టిక్కెట్టు గడువు తీఱువఱకు పాత వెలకే చెల్లును గనుక నిది తెలివియైన పనియే. ఆ నగరపు పార్లమెంటు సభ్యులు, పాలకపక్షమువారును దాని మిత్రపక్షమువారును, నాఁటి రైల్వే మంత్రి సదానంద గౌడను గలిసికొని తమ ప్రజల గోడు వినిపించిరి. ఆ యేఁడే మహారాష్ట్రమున శాసనసభకు ఎన్నికలు జరుగవలసియుండెను. ఆ సంగతి యెవరును మఱచియుండరు. జూను 24వ తేదీన ప్రభుత్వము వెనుకకుఁ దగ్గెను. నెలవారీ టిక్కెట్టునకు 15 ప్రయాణముల సూత్రమే నిలిచెను. నగర పరిసరములలో 80 కిలోమీటర్ల వఱకు రెండవ తరగతి ఛార్జీ పెరుగలేదు.

ఈ 80 కిలోమీటర్ల గీఁత మనవంటివారికి ప్రత్యేకముగ నాలోచింపఁదగినది. తిరుత్తణియు, సూళ్లూరుపేటయు చెన్నపట్టణమునకు ఆ దూరమునకు అటునిటుగానే యున్నవి. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశమునుండి నాఁటి మద్రాసు రాష్ట్రమునఁ జేరినది. సూళ్లూరుపేట ఆంధ్రప్రదేశముననే యున్నది. భాషయు, బంధుత్వములును గీఁతకు రెండు వైపులను వ్యాపించియున్నవి, బండియు నట్లే రెండు రాష్ట్రములను గలుపుచు నడచుచున్నది. నగరమున నింటి యద్దె భరింపలేక యిట్టి దూరపు టూళ్లలో నుండువారే పాసు వెల పెరిగినప్పు డధికముగ దెబ్బతిందురు. వారు దూరము నేరికోరి తెచ్చుకొనలేదు. దగ్గఱలో నుండు స్తోమత లేకపోవుటచే దూరముననున్నారు. దూరము పెరిగినకొలఁది వెల పెరుగును. ఇంటిలో నిద్దఱు పనికిఁ బోవువారును, ఒక చదువుకొను పిల్లయు నున్నచో, పాసుల మొత్తము పెరిగినప్పుడు ముందుగా మానిపింపఁబడునది యేదో నేను చెప్పనక్కఱలేదు. మా పాఠశాలలో జదివి కళాశాలలోఁ జేరిన బాలికల తలిదండ్రులతో మాటలాడునప్పుడు, చదువునుగూర్చిన ప్రశ్నకంటె 'పోకరాకల కెంత యగును?' అను ప్రశ్నయే ముందు వచ్చుచుండును.

రైల్వేవారి వాదమునుగూడ వినవలెను. ప్రయాణికుల బండ్లు నడుపుటకగు వ్యయములో టిక్కెట్లవలన వచ్చునది సగటున నూటికి 57 వంతులే యని 2016 నుండి టిక్కెట్టు మీఁదనే అచ్చువేసిరి. ప్రయాణికులకు ఏఁటేఁట 56,993 కోట్ల రూపాయల సహాయము చేయుచున్నామని 2024 డిసెంబరులో రైల్వే మంత్రి ప్రకటించెను. ఈ లోటును బొగ్గు, ఇనుపఖనిజము, సిమెంటు, ధాన్యము మొదలగు సరకుల రవాణాపై వచ్చు ఆదాయముతోఁ బూరించుచున్నారు. అనఁగా మనము తక్కువగ నిచ్చిన టిక్కెట్టు వెలలోఁ గొంత, కరెంటు వెలలోనో సిమెంటు వెలలోనో మరల మనయొద్దకే వచ్చుచున్నది. అంతియే కాదు. లోకలు బండ్లకు ప్రాతఃకాలమున రెండు గంటలు, సాయంకాలమున రెండు గంటలు మాత్రమే విపరీతమైన రద్దీ. ఆ నాలుగు గంటల కొఱకే పెట్టెలు, పట్టాలు, సిబ్బంది సమకూర్పవలెను. మిగిలిన కాలమునఁ బెట్టెలు సగము ఖాళీగా నడచును. రద్దీవేళనే ప్రయాణము చేయువానికే యందఱికంటె చౌక టిక్కెట్టు నిచ్చుట వ్యాపారనీతికి విరుద్ధమని వారందురు.

వ్యాపారముగఁ జూచినచో నది నిజమే. అయితే ఆ రద్దీవేళను నిర్ణయించినది ప్రయాణికుఁడు కాఁడు. అతనికిఁ బని యిచ్చు కర్మాగారము, కార్యాలయము. పనివారు సకాలమునకు వచ్చుటవలన లాభము పొందునది నగరమంతయును. ఆ లాభమునకు తగిన మూల్యమును నగరమునుండి రాఁబట్టక, బండిలో నిలుచుండి వచ్చినవానినుండి మాత్రమే రాఁబట్టుట యెంతవఱకు న్యాయమను ప్రశ్నకు రైల్వేవారి లెక్కలలో సమాధానము లేదు.

వెల పెంచితిమని చెప్పకయే పెంచు మార్గము గూడఁ గలదు. 2020 మార్చిలో కోవిడు వ్యాధి కారణముగ ప్రయాణికుల బండ్లన్నియు నిలిచిపోయెను. పిమ్మట క్రమక్రమముగ నడపినప్పుడు, వెనుకటి ప్యాసింజరు బండ్లకే 'స్పెషలు' అని పేరుపెట్టి ఎక్స్‌ప్రెస్సు ఛార్జీ వసూలు చేసిరి. బండి యదియే, ఆఁగు స్టేషనులు నవియే. కనీసపు ఛార్జీ మాత్రము 10 రూపాయలనుండి 30 రూపాయలాయెను. చాలకాలము వఱకు అట్టి బండ్లలో సీజను టిక్కెట్లు చెల్లలేదు. పల్లెనుండి పది, పదునైదు కిలోమీటర్లు పోవు కూలివానికి కూలిలో నెంత భాగము పోయెనో యూహింపుఁడు. 2024 ఫిబ్రవరి చివర వెనుకటి ఛార్జీలు మరల వచ్చినవి. 2014లో నాలుగు దినములలో నణఁగినది నెలవారీ టిక్కెట్టు పెంపు. ఇది యణఁగుటకు సంవత్సరములు పట్టెను. బొంబాయివలె నెలుఁగెత్తి మొఱపెట్టుటకు చెల్లాచెదరుగ నున్న పల్లె స్టేషనుల ప్రయాణికులకు సాధ్యము కాలేదు.

ఇటీవలి పెంపులలో సీజను టిక్కెట్టును ముట్టలేదు. 2020 జనవరి 1న, 2025 జూలై 1న, మరల 2025 డిసెంబరు 26న దూరప్రయాణపు ఛార్జీలు హెచ్చినను, లోకలు బండ్లను, సీజను టిక్కెట్లను మినహాయించిరి. మఱి విసుగు తఱుగలేదేమి? మెయిలుబండికి దారి యిచ్చుటకై లోకలును నడుమ నిలిపివేయుదురు. ఆలస్యమైన దినమునకుఁ గూలి కోఁతపడును. కాలు మోపుటకు సందు దొరకదు. వెల పెరుగకున్నను, ఆ వెలకు దొరకు ప్రయాణము తఱిగిపోవుచున్నదని వారి బాధ. పెంపు వార్త పుట్టినప్పుడు వెలికి వచ్చు కోపములో నిట్టి బాధలన్నియుఁ గలిసియుండును. పైఁగా వెనుక రైల్వే బడ్జెటు వేఱుగ నుండఁగా పార్లమెంటున దానిపై ప్రత్యేక చర్చ జరుగుచుండెను; 2017లో దానిని సాధారణ బడ్జెటులోఁ గలిపివేసిరి. మంత్రిశాఖ యుత్తరువుతో ఛార్జీ మాఱును. మొఱపెట్టుకొను వేదిక యొకటి తగ్గినది.

ఇంగ్లండుదేశమున పద్ధతి వేఱు. అచ్చట సీజను టిక్కెట్టు మొదలగు కొన్ని ఛార్జీలను ప్రభుత్వము నియమించును. వస్తువుల ధరలు జూలై మాసమున నెంత పెరిగియుండునో చూచి, దాని ననుసరించి మఱుసటి యేఁటి ఛార్జీని పెంచుట చాలకాలముగ నాచారము. 2022 జూలైలో ధరల సూచిక నూటికి 12.3 వంతున పెరుగఁగా, ప్రభుత్వము జడిసి 2023లో 5.9 వంతునకే పరిమితము చేసెను. 2024లో 4.9, 2025లో 4.6 పెరిగెను. 2025 నవంబరులో, 2027 మార్చి వఱకు పెంపు లేదని ప్రకటించిరి. ముప్పదియేండ్లలో నట్టిది మొదటి మాఱట. అచ్చట దెబ్బ యేఁటేఁట కొంచెముగఁ దగులును. మనకు ఏండ్లకొలఁది తగులక, ఒక్కసారి తగులఁబోయి తప్పిపోవును. ఏది మేలో యర్థశాస్త్రజ్ఞులు తేల్పవలెను.

విద్యార్థు లవశ్యము తెలిసికొనవలసినది యొకటి మిగిలియున్నది. ఇంటికిని విద్యాలయమునకును నడుమ రెండవ తరగతిలోఁ బోయి వచ్చుటకు, బాలురకు పండ్రెండవ తరగతి వఱకును, బాలికలకు పట్టపరీక్ష వఱకును రైల్వేవారు నెలవారీ టిక్కెట్టును ఉచితముగ నిచ్చుచున్నారు. ఈ సంగతి తెలియక డబ్బిచ్చి కొనువారు మన విద్యార్థులలోఁ గొందఱున్నారు. నిర్ణీతమైన పత్రముపై ప్రధానోపాధ్యాయుని సంతకమును, ముద్రను వేయించుకొని స్టేషనులోని టిక్కెట్టు కిటికీ యొద్ద నీయవలెను. ఇంటికి సమీపమైన స్టేషను పేరును, విద్యాలయమునకు సమీపమైన స్టేషను పేరును పత్రమున సరిగా వ్రాయుఁడు.