ఉమ్రా బృందానికి మొదటి రోజు: టికెట్టుతో పాటు మనం ఇవ్వవలసింది

పేద వృద్ధులను ఉమ్రాకు పంపే సత్కార్యంలో మన జమాఅత్ పెద్దలు, దాతలు ఎంతో ఉదారంగా పాల్గొంటున్నారు. అల్హమ్దులిల్లాహ్. అయితే ఒక వ్యక్తి పేరు ఖరారు చేసి, పాస్‌పోర్టు తీయించి, వీసా, టికెట్టు చేతిలో పెట్టగానే మన బాధ్యత తీరిందని చాలామందిమి అనుకుంటాం. నిజానికి పుణ్యయాత్రికునికి అసలు పరీక్ష ఇల్లు విడిచిన మొదటి రోజే. ఆ రోజు ఏం జరుగుతుందో తెలిస్తే, మనం ఇచ్చే సొమ్ములో కొంత భాగం ఎక్కడ వెచ్చించాలో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

పూర్వం మన పెద్దలు బొంబాయి నుంచి ఓడలో జిద్దాకు వెళ్ళేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి. రోజుల తరబడి సముద్రం మీద గడిపేవారు కాబట్టి, తెలియనివారు తెలిసినవారి పక్కన కూర్చొని దుఆలు, మస్అలాలు నేర్చుకోవడానికి కావలసినంత వ్యవధి ఉండేది. యలమ్‌లమ్ మీఖాత్ సమీపించే సరికి అందరూ సిద్ధంగా ఉండేవారు. ఇప్పుడు శంషాబాద్‌లో విమానం ఎక్కితే సుమారు ఆరు గంటల్లో జిద్దా. ఓడలో నేర్చుకున్నదంతా ఇప్పుడు ఇక్కడే, మన ఊళ్ళోనే నేర్పి పంపాలి. విమానంలో ఆ వ్యవధి ఉండదు.

ఎన్ని గంటల ప్రయాణం?

కర్నూలు నుంచి ఒక బృందం బయలుదేరిందనుకుందాం. శంషాబాద్ చేరడానికి నాలుగు గంటలు. బృందమంతా లగేజీ అప్పగించి, ఇమ్మిగ్రేషన్, తనిఖీ పూర్తి చేసుకోవాలంటే విమానానికి నాలుగు గంటల ముందే అక్కడ ఉండాలి. విమానంలో ఆరు గంటలు. జిద్దాలో ఇమ్మిగ్రేషన్, సామాను తీసుకోవడం రెండు గంటలు. అక్కడి నుంచి మక్కా సుమారు 80 కిలోమీటర్లు, బస్సులో గంటన్నర. అంటే హోటల్ గది తలుపు తీసే సరికి పదిహేడు గంటలు దాటుతుంది. మధుమేహం, మోకాళ్ళ నొప్పి ఉన్న డెబ్బయ్యేళ్ళ మనిషికి ఇది చిన్న ప్రయాణం కాదు. పైగా అది జీవితంలో మొదటి విమానం కూడా.

అందుకే మందులన్నీ పెద్ద సామానులో కాక చేతి సంచిలోనే ఉండాలి. డాక్టరు చీటీ వెంట ఉండాలి. మెదడువాపు టీకా (మెనింజైటిస్) వేయించిన ధ్రువపత్రం పాస్‌పోర్టుతో కలిపి పెట్టాలి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మందులు వేళకు వేసుకునేవారికి ఈ తేడా ముందే చెప్పాలి.

ఇహ్రామ్: మొదటి జాగ్రత్త

నేరుగా మక్కా వెళ్ళే బృందం మీఖాత్ దాటకముందే ఇహ్రామ్‌లోకి రావాలి. మన విమానాలు జిద్దాలో దిగకముందే ఆకాశంలోనే మీఖాత్ ప్రాంతాన్ని దాటతాయి. జిద్దాలో దిగాక కట్టుకుందాంలే అనుకోవడం సరికాదు. కొందరు ఇహ్రామ్ వస్త్రాలను పెద్ద సామానులో పెట్టి లగేజీలో అప్పగించేస్తారు. విమానంలో గుర్తుకొస్తే చేసేదేమీ ఉండదు. కనుక ఇంట్లోనో, శంషాబాద్‌లోనో గుసుల్ చేసి వస్త్రాలు ధరించి, మీఖాత్ సమీపించిందని విమాన సిబ్బంది ప్రకటించినప్పుడు నియ్యత్ చేసి తల్బియా అందుకోవడం మేలు. వస్త్రం కట్టుకున్నంత మాత్రాన ఇహ్రామ్ మొదలు కాదనీ, నియ్యత్‌తోనే మొదలవుతుందనీ విడమరచి చెప్పాలి.

మొదట మదీనా వెళ్ళే బృందానికి పద్ధతి వేరు. వారు మామూలు దుస్తుల్లోనే వెళ్ళి, మదీనా నుంచి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా (అబ్యార్ అలీ) వద్ద ఇహ్రామ్‌లోకి వస్తారు. పక్కింటివారు ఎలా వెళ్ళారో చూసి మనవారు కంగారు పడకుండా ఈ తేడా ముందే చెప్పాలి.

ఇహ్రామ్‌లో ఉండగా సుగంధం నిషిద్ధం. విమానంలో భోజనంతో పాటు ఇచ్చే సువాసన కాగితం, విమానాశ్రయంలోని వాసన సబ్బు, రెండూ తెలియక వాడేస్తారు. వాసన లేని సబ్బు ముక్క ఒకటి కిట్‌లో పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది.

సోదరీమణుల విషయం ఒకటి బిడియం లేకుండా చెప్పుకోవాలి. ప్రయాణం రోజే నెలసరి వస్తే ఉమ్రా పోయినట్టేనని కొందరు ఆడపిల్లలు లోలోపల ఏడుస్తారు. ఎవరినీ అడగలేరు. ఆ స్థితిలోనూ వారు ఇహ్రామ్ నియ్యత్ చేయవచ్చు, తల్బియా చదవవచ్చు. పరిశుద్ధత వచ్చేవరకు తవాఫ్ మాత్రం ఆపాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి శిక్షణ రోజున చదువుకున్న ఒక ఆపా తప్పనిసరిగా ఉండాలి.

తప్పిపోయే భయం

జిద్దాలో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. జీవితమంతా మూటలు మోసిన హమాలీ వేళ్ళ గీతలు అరిగి ఉంటాయి. యంత్రం రెండు మూడుసార్లు తీసుకోకపోవచ్చు. అలా జరిగితే భయపడనక్కర్లేదని ముందే చెబితే చాలు, ఆ చచ్చా ధైర్యంగా నిలబడతాడు.

ఇక హరమ్‌లో మగవారంతా తెల్లటి వస్త్రాల్లోనే ఉంటారు. జనంలో చేయి జారితే మన మనిషిని పోల్చుకోవడం కష్టం. మెడలో వేసుకునే కార్డు మీద హోటల్ పేరు అరబీలో, బృంద నాయకుని సౌదీ నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి. చదువు రానివారికి ఆ కార్డే నోరు. విడిపోతే ఎక్కడ నిలబడాలో హరమ్‌లో అడుగు పెట్టకముందే ఒక గేటు నంబరు చూపించి, కంఠస్థం చేయించాలి.

ఆ రాత్రే ఉమ్రా చేయాలా?

మొదటి రోజు జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. అర్ధరాత్రి హోటల్ చేరినా, సామాను పడేసి వెంటనే ఉమ్రాకు నడిపించే బృందాలు ఉన్నాయి. కాబాను చూడాలనే ఆత్రం యాత్రికునిది, పని ముగించాలనే తొందర నాయకునిది. కాని తవాఫ్ అంటే ఏడు ప్రదక్షిణలు. కింద మతాఫ్‌లో రద్దీ ఎక్కువై పై అంతస్తుకు పంపితే ఆ దూరం ఎన్నో రెట్లవుతుంది. తర్వాత సఫా, మర్వాల మధ్య సఈ. ఒక్కో విడత సుమారు 450 మీటర్లు, ఏడు విడతలకు 3 కిలోమీటర్లు దాటుతుంది. పదిహేడు గంటల ప్రయాణం తర్వాత ఈ నడక ముసలి ప్రాణానికి ప్రమాదం.

చేరిన వెంటనే ఉమ్రా చేసి తీరాలన్న నిబంధన ధర్మంలో లేదు. ఇహ్రామ్ నియమాలు పాటిస్తూ భోజనం చేసి, నిద్రపోయి, లేచాక నిదానంగా వెళ్ళవచ్చు. అప్పటికి కాళ్ళలో బలం, మనసులో నెమ్మది ఉంటాయి. మొదటిసారి కాబాను చూసే ఆ క్షణంలో కళ్ళు నిద్రతో మూతలు పడకుండా ఉంటాయి. నడవలేనివారికి చక్రాల కుర్చీలు అక్కడ అద్దెకు దొరుకుతాయి. కాని డబ్బు కట్టాలన్న మొహమాటంతో పేదవాడు నొప్పిని దాచుకుని నడుస్తాడు.

దాతలు అడగవలసినవి

కాబట్టి ఒక యాత్రికుని ఖర్చు భరించే ముందు నిర్వాహకులను ఈ ప్రశ్నలు అడగండి. బయలుదేరే ముందు కనీసం ఒక రోజు శిక్షణ ఉందా? బృందంలో తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన సహాయకుడు ఉన్నాడా? మొదటి రాత్రి విశ్రాంతి కార్యక్రమంలో ఉందా? చక్రాల కుర్చీకి, సౌదీ సిమ్‌కు, చేతి ఖర్చుకు కొన్ని రియాళ్ళు కేటాయించారా? రోజు కూలి మీద బతికే ఇంటి పెద్ద వెళ్తే, ఆ రెండు వారాలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

మరో మాట. స్థోమత లేనివారిపై ఈ యాత్ర విధి కాదు. అందుచేత మనం వారి బాకీ తీర్చడం లేదు, వారి చిరకాల కోరికకు తోడు నిలుస్తున్నాం. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా అన్నదానిపై ఉలమాల్లో భేదాభిప్రాయం ఉంది. కాబట్టి సదఖా నుంచి, స్వచ్ఛంద విరాళం నుంచి ఇవ్వడం నిశ్చింతగా ఉంటుంది.

నిజాం కాలంలో మక్కాలో వక్ఫ్ చేసిన రుబాత్‌లో పూర్వపు హైదరాబాద్ సంస్థానపు హాజీలకు నేటికీ ఉచిత వసతి దొరుకుతోంది. యాత్రికుడు అక్కడికి చేరాక తల ఎక్కడ వాల్చాలన్నది ఆ దాతలు ముందే ఆలోచించారు. మనం అంత పెద్ద భవనం కట్టలేకపోవచ్చు. కాని ఒక శిక్షణ రోజు, మెడలో ఒక కార్డు, ఒక పూట విశ్రాంతి, ఒక చక్రాల కుర్చీ మన శక్తిలో ఉన్నవే.

మన పెద్దలు నిర్భయంగా, ఆరోగ్యంగా ఆ పవిత్ర గృహాన్ని దర్శించేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. వారి ఉమ్రాను, దాని వెనుకనున్న ప్రతి చేతినీ స్వీకరించుగాక. ఆమీన్.