గాలి తుపాకికి గుండ్ల పెట్టె

మన చంద్రపూర్‌లో మాకు తెలిసిన రెండు మూడు తెలుగు ఇండ్లలో ఈ మధ్య సాయంకాలం వేళ ఒక చప్పుడు వినవస్తున్నది. ఇనుపరేకు మీద మేకు కొట్టినట్లు నిమిషానికొక ‘టంగ్’. పిల్లలు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అభ్యాసం చేస్తున్నారన్నమాట. చెడ్డ అలవాటు కాదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చినది ఈ ఆటలోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం గెలిచినదీ ఇందులోనే. హైదరాబాదు అమ్మాయి ఇషా సింగ్ 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో పది మీటర్ల పిస్టల్‌కు వెండి పతకం తెచ్చినది. 2024లో పారిస్‌లో మన మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా వాడు స్వప్నిల్ కుసాళే కంచు పతకం గెలిచాడు గాని, అతనిది యాభై మీటర్ల రైఫిలు. ఇన్ని పేర్లు విన్న తరువాత పిల్లలు తుపాకి కావాలనడంలో వింతేమున్నది?

మా మనుమడికీ ఒకటి కొనిపెట్టాము. పెరటి వసారా కొలిస్తే సరిగా పది మీటర్లు వచ్చినది. పాత బిస్కట్ల డబ్బాలో ఇనుపపలక నిలబెట్టి, ముందు అట్ట అంటించి పని అయినదనుకున్నాము. వారం తిరక్కుండా పక్కింటావిడ గోడ అవతలి నుండి పిలిచి, “తాయీ, ఏమీ అనుకోకండి, వీరికి రాత్రి షిఫ్టు. పగటిపూట కన్ను మూతబడడం లేదు” అన్నది. ఆమె భర్త బొగ్గుగనిలో పని చేస్తాడు. గనివాని పగటినిద్ర విలువ ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? సిగ్గుపడి ఆ డబ్బా ఎత్తబోతే దాని కింద బండ మీద విభూతి రాలినట్లు బూడిదరంగు పొడి కనబడినది. అక్కడికి రెండు బారల దూరంలో మా మునిమనుమడు పాకుతున్నాడు. వాడికి పదకొండు నెలలు.

చప్పుడు సంగతి మరచిపోయి ఆ పొడి సంగతి పట్టించుకొన్నది అప్పుడే.

ఆ పొడి సీసం. బజారులో ఛర్రా అనే ఈ గుండు నడుము సన్నగా వుండే చిన్న డమరుకం వంటిది. అడ్డకొలత నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు సుమారు అరగ్రాము. పోటీ తుపాకి నుండి సెకనుకు నూటడెబ్బై మీటర్ల వేగంతో వెళ్ళి ఇనుముకు తగిలితే రూపాయిబిళ్ళలా అణగిపోవడమే గాక అంచులు తునిగి చిట్లుతుంది. ఆ తునకలలో కంటికి కనబడేవి కొన్ని, కనబడనివి ఎన్నో. పోటీలో అరవై గుండ్లు కాలుస్తారు. రోజూ అన్నే కాల్చే పిల్లవాడు ముప్పై గ్రాముల సీసం డబ్బాలో పోస్తున్నాడు. నెలకు తొమ్మిదివందల గ్రాములు. అంటే కిలోకు కొంచెం తక్కువ!

సీసానికి మన శరీరంలో ఏ పనీ లేదు. సున్నం వేషంలో ఎముకలలో చేరి ఏండ్ల తరబడి కూర్చుంటుంది. పెద్దవాళ్ళ కడుపులో పడిన సీసంలో ఎంత పాలు వంటికి పడుతుందో, పసివాళ్ళకు అంతకు నాలుగైదు రెట్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన హద్దు ఏదీ లేదనీ ఆ సంస్థే అంటున్నది. అది దెబ్బతీసేది ఎదిగే మెదడును. మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో మానివేసినా, 2020లో యునిసెఫ్ వారు వేసిన లెక్క ప్రకారం 27 కోట్లకు పైగా భారతీయ బాలల రక్తంలో డెసిలీటరుకు అయిదు మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం వున్నది. అదే ఏడు డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛపోయి పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్న వార్త మన ఇండ్లలో అందరూ విన్నదే. జబ్బుకు అసలు కారణం గూర్చి తరువాత వేరు మాటలూ వచ్చాయనుకోండి.

ఇంతకూ చేయవలసినదేమి? గుండు చిట్లకుండా, మెల్లగా ఆగవలె. మెల్లగా ఆగితే చప్పుడూ వుండదు, పొడీ వుండదు. రెండు రోగాలకూ మందు ఒకటే.

దుకాణంలో దొరికే గరాటు ఆకారపు ఇనుప పెట్టెలు గుండును కిందికి మళ్ళిస్తాయి గాని చప్పుడును ఆపలేవు, పొడిని అంతకంటే ఆపలేవు. ఇసుక పెట్టె చప్పుడు చేయదు. అయితే అట్ట చిరిగిన కొద్దీ ఇసుక కారుతుంది, కారిన ఇసుకలో సీసం వుంటుంది. చెక్కపలక మీద కాలిస్తే గుండు వెనక్కు ఎగిరి కాల్చినవాని మీదికే వస్తుంది. ఏ పెట్టెకు కాల్చినా కండ్లద్దాలు తప్పనిసరి.

బల్లార్‌పూర్ కాగితపు మిల్లు పక్కన వున్నవాళ్ళం గనుక పాత పత్రికల కట్టలు అందరికీ ముందు తోచే ఉపాయం. గుండు ఆగుతుంది, నిజమే. కాని పది రోజులలో కట్ట మధ్య గుంటపడి, పొట్టు రాలి, ఆ పొట్టులో సీసం కలుస్తుంది. చివరకు ఆ కట్ట పాత కాగితాల వాని బండిలోనికి, అక్కడి నుండి పల్లీల పొట్లాలలోనికి పోతుంది. మా పత్రిక పాత సంచికలకు ఆ గతి పట్టడం మాకు రెండు విధాల ఇష్టం లేదు.

ఆరని నూనెమట్టి, అనగా పిల్లలు బొమ్మలు చేసే ప్లాస్టిసిన్ వంటిది, అన్నిటికంటే మౌనంగా వుంటుంది. గుండు చెక్కుచెదరకుండా అందులో దిగబడిపోతుంది. చలికాలమంతా దానితో సుఖమే. మే నెలలో మన ఊరి ఎండ నలభైఆరు, నలభైఏడు డిగ్రీలకు పోయినప్పుడు అది మెత్తబడి కిందికి జారుతుంది. కుమ్మరి మట్టి వాడుదామంటే అది ఎండి బీటలు వారి దుమ్మవుతుంది, మనం పారిపోతున్నది ఆ దుమ్ము నుండే గదా!

మేము చివరకు రబ్బరు దగ్గర ఆగాము. లారీ టైర్లకు కొత్త తొడుగు వేసే దుకాణాలలో పాత టైరును గీరగా వచ్చే పొట్టు, తునకలు సంచుల లెక్కన దొరుకుతాయి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పద్నాలుగు అంగుళాల చదరపు పెట్టె చేయించాము. లోతు ఎనిమిది అంగుళాలు. వెనుక పలకకు లోపలివైపున మూడు మిల్లీమీటర్ల ఇనుపరేకు, దాని ముందు గనుల్లో బొగ్గు మోసే బెల్టు ముక్క ఒకటి. ఈ బెల్టు ముక్కలు మన ఊరి పాత సామాన్ల దుకాణాలలో దొరుకుతాయి. ముందువైపు అట్ట, అట్ట వెనుక పాత యోగా చాప ముక్క. పైన తెరిచే మూత. ఆవకాయ జాడీ నింపినట్లు రబ్బరు పొట్టును పిడికిలితో అదిమి అదిమి నింపవలె. వదులుగా నింపితే గుండు దూసుకుపోయి రేకుకు తగులుతుంది. నిండిన పెట్టె బాగా బరువు తూగుతుంది గనుక గట్టి బల్ల కావలె. పోటీ నియమం ప్రకారం గురి మధ్యభాగం నేల నుండి మీటరు నలభై సెంటీమీటర్ల ఎత్తున వుండవలె. అందుకు తగినట్లు బల్ల చేయించుకోవచ్చును.

గుండ్లన్నీ ఒకే చోట తగులుతాయి గనుక అక్కడ పొట్టు పక్కకు జరిగి గుంట పడుతుంది. వారానికొకసారి మూత తీసి, కర్రతో కదిపి, మళ్ళీ అదమవలె. చిరిగిన అట్ట మార్చవలె. రబ్బరుకు నిప్పు త్వరగా అంటుతుంది, కనుక వంటింటి దరిదాపులలో ఈ పెట్టె పెట్టకూడదు.

మా ఇంటి ఆడవాళ్ళు కనిపెట్టిన కిటుకు ఒకటి చెప్పవలె. నెలకొకసారి పెట్టెను కాటాలో తూచి గోడ కాలెండరు మీద రాస్తారు. కాల్చిన గుండ్ల లెక్కకు సరిపడా బరువు పెరిగితే సీసం పెట్టెలోనే వున్నట్లు. తగ్గితే అది ఇంటిలో ఎక్కడో తిరుగుతున్నట్లు.

శుభ్రం చేసేటప్పుడు చీపురు ముట్టుకోవద్దు. మామూలు వాక్యూమ్ యంత్రమూ వద్దు, సన్నని పొడిని అది వెనుక నుండి గదంతా చిమ్ముతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేరుగా పారవేయవలె. చేతికి తొడుగులు వుండవలె. కాల్చిన తరువాత సబ్బుతో చేతులు కడగకుండా పళ్ళెం ముందు కూర్చోనివ్వవద్దు. గర్భిణులను, పసివాళ్ళను ఆ దరికి రానివ్వవద్దు. కొందరు కాల్చేవాళ్ళు వీలుగా వుంటుందని గుండ్లను పెదవుల మధ్య పట్టుకొంటారు. మావాడూ ఎవరినో చూసి నేర్చుకొన్నాడు, రెండు చీవాట్లతో మానిపించాము. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు. వంట గ్యాసుకు అది లెక్కలోనిది కాదు గనుక, గాలానికి బరువులు పోసుకొందామని గుండ్లను పొయ్యి మీద కరిగించే బుద్ధి ఎవరికైనా పుట్టవచ్చును. ఆ పొగ ఇల్లంతటినీ పాడు చేస్తుంది. గుండ్లను మూతగట్టి డబ్బాలో వేసి, అనుమతి గల సీసం రీసైక్లింగు వారికి మాత్రమే ఇవ్వవలె. తగరం గుండ్లు కూడా వున్నాయి. వాటితో ఈ బాధ లేదు గాని ఖరీదు ఎక్కువ, గట్టివి గనుక ఎగిరిపడే గుణమూ ఎక్కువ.

పిట్టల మీద గురిపెట్టే మగపిల్లలకు ఒక మాట. 1955లో జాతీయ ఉద్యానమైన తాడోబా మన గుమ్మంలో వున్నది. 1972 నాటి వన్యప్రాణి చట్టం అడవి లోపలే గాక మన పెరటిలోనూ వర్తిస్తుంది.

పసివాని రక్తం తీయించి నాగపూర్ పంపించాము. అమెరికా వారు 2021 నుండి పెట్టుకొన్న మూడున్నర మైక్రోగ్రాముల హద్దుకు లోపలే వచ్చినది, కాని సున్న రాలేదు. మూడు నెలల తరువాత మళ్ళీ చూడమని డాక్టరుగారు చెప్పారు. మొన్న పక్కింటావిడ పప్పు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, “అబ్బాయి ఆ ఆట మానేశాడా, తాయీ?” అని అడిగినది. అప్పుడు వాడు వసారాలో నలభైరెండో గుండు కాలుస్తున్నాడు.