తలుపు కూడా పాడుతోంది

మా మనవడు పాత కారుకి కొత్త స్పీకర్లు, డిక్కీలో ఓ పెద్ద సబ్‌వూఫరు పెట్టించుకున్నాడు. తీరా పాట పెడితే డోలు దెబ్బ కంటే ముందు నంబర్ ప్లేటు గడగడలాడింది. ‘‘స్పీకర్లు మంచివి కావేమో తాతయ్యా’’ అన్నాడు. మంచివేరా, వాటితోపాటు తలుపు కూడా పాడుతోంది, అదీ చిక్కు!

వంటింట్లోకి రండి. స్టీలు కంచాన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి గరిటెతో కొట్టండి. ఖంగుమంటుంది, చాలాసేపు మోగుతుంది. వెనకాల చపాతీ పిండి బిళ్లలా అద్ది మళ్లీ కొట్టండి. దబ్... అంతే. (ఆ పిండి తర్వాత ఏమైందని ఇంట్లో అడుగుతారు, అది మీరు చూసుకోండి.) కంచం వణికినప్పుడల్లా పిండి సాగుతుంది, నలుగుతుంది. ఆ నలుగుడులో వణుకు కాస్తా వేడిగా మారిపోతుంది. చేతికి తెలిసేంత వేడి కాదు లెండి.

కారు తలుపూ పల్చటి ఉక్కు రేకే. దాని మోత ఆపడానికి అంటించే ప్యాడ్‌లో పిండికి బదులు బ్యూటైల్ రబ్బరు ఉంటుంది. 1937లో అమెరికాలో స్పార్క్స్, థామస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన రబ్బరిది. సైకిలు ట్యూబుల్లో వాడేదీ ఇదే.

ప్యాడ్ పైనున్న అల్యూమినియం రేకు సోకు కోసం కాదు. నోటుపుస్తకాన్ని వంచి చూడండి, కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి అంచు ఏటవాలుగా వస్తుంది. తలుపు వంగినప్పుడు రబ్బరు కూడా అలా పక్కకి జారబోతుంది. కింద ఉక్కు, పైన అల్యూమినియం రెండూ పట్టుకుని ఉన్నాయి, పాపం ఎక్కడికి పోతుంది? మరింత నలుగుతుంది. ఈ సంగతిని 1959లో ఎడ్వర్డ్ కెర్విన్ అనే పరిశోధకుడు లెక్కలు కట్టి చూపించారు.

షాపులో జానెడు ఖాళీ లేకుండా అంటించమంటారు. వాళ్ల బేరం వాళ్లది. రేకు ఎక్కువగా ఊగేది నడిమధ్యన. అక్కడ నాలుగో వంతు కప్పినా ఖంగు చాలావరకు పోతుంది. దుమ్ము, జిడ్డు తుడిచి, గాలి బుడగ లేకుండా రోలరుతో గట్టిగా అదమాలి. చవగ్గా దొరికే తారు షీట్ల జోలికి పోవద్దు, మన ఎండలకి మెత్తబడి జారతాయి.

ఇంకో సంగతి. స్పీకరు అట్ట ముందుకి గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. ఈ రెండూ కలిశాయా, బేస్ చచ్చిపోతుంది. తలుపు లోపలి రేకుకున్న పెద్ద కంతలు మూస్తే రెండూ వేరుగా ఉంటాయి. అలాగని తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న కంతలు మూయకూడదు. మావాడికి అమర్చిన కుర్రాడు అవీ మూసేశాడు. మొదటి వానకి తలుపులో గుడుగుడుమని నీళ్ల చప్పుడు!

బయటి హారన్లు కూడా ఆగిపోతాయని ఆశపడకండి. వాటిని ఆపాలంటే బరువైన అడ్డు కావాలి, ఈ ప్యాడ్ రేకు నోరు మాత్రమే మూయిస్తుంది.

నంబర్ ప్లేటుకి అదీ అక్కర్లేకపోయింది. వెనక రెండు స్పాంజి ముక్కలు పెట్టి మరలు బిగించాం.