మొదటి తరగతిలో నొక వారము

పాఠశాల యనగానే మన పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది పదవ తరగతి పరీక్షాఫలితము. మొదటి తరగతి గదిలోనికి దొంగిచూచువారు మిక్కిలి యరుదు. నారుమడి చూచుటకు వేకువనే లేచి పోవు రైతు, తన బిడ్డ తొలి యక్షరములు నేర్చు గదికి ఏటి కొక్కమారైనను బోడు. అచట నేమున్నది, పిల్లల కేకలు, పలకల చప్పుడు తప్ప, యని యాతని తలంపు. ఒక వారముపాటు గది మూల గూర్చుండి చూచిన నీ తలంపు నిలువదు.

హరిశ్చంద్రపురము హావడా చెన్నపట్టణము రైలుమార్గముపై కోటబొమ్మాళి మండలమున నున్న చిన్నయూరు. 2008వ సంవత్సరపు నియోజకవర్గముల పునర్విభజనమునకు బూర్వము శాసనసభాస్థాన మొకటి దీని పేరనే యుండెను. ఒకవైపు సముద్రతీరము, ఉత్తరముగా టెక్కలి, పలాస, ఉద్దానపు జీడిమామిడి తోటలు, కొబ్బరితోటలు, పడమర సవరలు నివసించు కొండలు, మందస, ఇచ్ఛాపురము దిక్కున ఒడియా మాటాడు కుటుంబములు. ఈ సీమలో మొదటి తరగతికి వచ్చు బిడ్డలు ఇంటినుండి తెచ్చు పలుకు ఒక్కతీరున నుండదు.

సోమవారము ఉదయము పంతులుగారు బొమ్మ జూపి ప్రశ్న వేయుదురు. "ఏటి?" అని యొక బిడ్డ, "నాను సెప్తాను" అని మరియొక బిడ్డ. పుస్తకమున నున్నది "ఏమిటి", "నేను". "తప్పు, సరిగా బలుకుము" అని గద్దించినచో ఆ బిడ్డ తలవంచుకొని బుధవారము వరకు నోరు విప్పదు. అట్లుగాక, రెండు మాటలను నల్లబల్లపై నొకదాని క్రింద నొకటి వ్రాసి, ఇది మీ యమ్మ మాట, ఇది పుస్తకపు మాట యని చూపినచో, మధ్యాహ్న భోజనము గంట కొట్టులోపల పిల్లలే అట్టి జంటలను మరి నాలుగింటిని వెదకి తెత్తురు. వ్యయ మేమియు లేదు, సుద్దముక్క చాలును.

తెలుగు లిపి నేర్చుటలోని కష్టమును మనము మరచినాము. ప్రతి హల్లునకు గుణింతము గలదు, అవి యన్నియు గలిసి నాలుగైదువందల రూపములగును, వానిపై వత్తులు. అన్నింటిని వరుసగా వల్లెవేయించి పిదప మాటలలోనికి దింపుట పాతపద్ధతి. కాని గుణింతపు గురుతు లేవియు లేని మాటలు ఈ తీరపు బిడ్డలకు బుట్టుకతోనే తెలియును: అల, వల, పడవ, పనస. సోమవారము అకారము, లకారము; మంగళవారము వకారము నేర్చిన బిడ్డ ఆనాడే "వల" యని తనంత తాను చదువును. గురువారమునకు పకార డకారములు వచ్చినచో "పడవ" పలకపై నిలుచును. చదివినది తన యింటివస్తువే యని తెలిసికొన్న క్షణమున ఆ ముఖమున గలుగు వెలుగును జూడనివారు విద్యనుగూర్చి యుపన్యసింపకుండుట మేలు.

అంకెల కథయు నిట్టిదే. జీడిగింజలు పదేసి కుప్పలు పెట్టి లెక్కింపజేసిన చాలును. పదునొకండు, పండ్రెండు కొంత తికమక పెట్టును గాని, ఇరువది దాటిన పిమ్మట మన సంఖ్యల పేర్లే పదు లెన్నియో ఒకట్లెన్నియో చెప్పివేయును.

1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్, మన వీధిబడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుట, ముందుగా వచ్చిన బిడ్డ యరచేత సరస్వతి పేరు వ్రాయుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు జెప్పుట అందు వర్ణితములు. ఈ కడపటి పద్ధతి యింగ్లండున ననుకరింపబడినదని యాతడు మెచ్చుకొనెను. నేడును అయిదవ తరగతి బాలిక మొదటి తరగతివారికి వాచకము పట్టి చదివించుట మన పల్లెలలో గాననగును. అయితే నాటిది పద్ధతి, నేటిది గతిలేమి.

లెక్క చూడుడు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటినుండి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధనగంటలు. అనగా దినమునకు నాలుగుగంటలు, ఆరుదినముల వారమునకు 24 గంటలు. పిల్లలు అరువదికి లోబడినచోట నిద్దరు ఉపాధ్యాయు లుండవలెనని యదే చట్టము పలుకుచున్నను, ఏకోపాధ్యాయ పాఠశాలలు మన రాష్ట్రమున వేలసంఖ్యలో నున్నవి. ఒక్కరే అయిదు తరగతులను బంచుకొన్నచో మొదటి తరగతికి వారమునకు దక్కునది 4 గంటల 48 నిమిషములు. హాజరుపట్టిక, భోజనపు లెక్కలు, చరవాణిలో నెక్కింపవలసిన వివరములు ఇందులోనుండియే పోవలెను.

ఇక భాష. శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి సవరభాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి బడులు పెట్టించిరి. 1931లో వారి సవర వ్యాకరణము ప్రకటితమయ్యెను. ఆ మహనీయుడు జీవితమెల్ల పోరాడినది మే మిచట వ్రాయుచున్న గ్రాంథికముతోనే గదా యని పాఠకులు నవ్వవచ్చును. నవ్వనిండు. పెద్దల పుటలో గ్రాంథిక ముండిన నుండుగాక; ఆరేండ్ల బిడ్డ పలకపై మాత్రము ఇంటిమాటకే తొలి యధికారము.

2004లో ఉమ్మడి రాష్ట్రము సవరతో సహా ఎనిమిది గిరిజనభాషలలో తెలుగులిపితోనే వాచకములు సిద్ధము చేయించి బోధన మారంభించెను. 2019లో వేరొక గాలి వీచినది. ఒకటవ తరగతినుండియే ఇంగ్లీషు మాధ్యమ మను నుత్తరువు వెలువడెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ యేటి జాతీయ విద్యావిధానము వీలైనచోట అయిదవ తరగతివరకైనను ఇంటిభాషయే మేలనెను. ఇంగ్లీషు వలదని మే మనము. కొడుకు నెదుగగోరి యింగ్లీషు నాశించు తండ్రిని నిందింపము. కాని "పడవ" చదువలేని బిడ్డకు దాని యింగ్లీషు పేరు వల్లించుట రాగము మాత్రమే.

భూస్వాములును పట్టణవాసులును చేయదగిన పని యొకటి గలదు. గదులకు శిలాఫలకములు చాలినన్ని వేయించినాము. పాఠశాల యాజమాన్యసంఘము ఈసారి కూడినపుడు, గడచిన వారము మొదటి తరగతికి పంతులుగారు ఎన్ని గంటలు దక్కిరని యడుగవలెను. ఆ ప్రశ్నను తల్లులచేత నడిగించుట మరియు మంచిది; సంఘమున సగముమంది స్త్రీలే యుండవలెనని చట్టమే చెప్పుచున్నది.